చూడామణికి మంచినీళ్ళ స్నానం

సాలూరులో లారీ ఉన్న ప్రతివాడూ తనకి తెలియని యంత్రం భూమ్మీద లేదనుకుంటాడు. గణపతిరావుకి ఆ నమ్మకం ఇంకో రెండు పాళ్ళు ఎక్కువ. ఇరవై రెండేళ్ళు ఘాటీ రోడ్డు మీద బండి తోలినవాడు. ఇంజను మోత విని ఏ బోల్టు వదులైందో చెప్పగలడు. అందుకే అరవై ఎనిమిది మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున్న, భావనపాడు ఇసకలో నిలబడి, జన్మలో మొదటిసారి ఒక లాంచీని దగ్గరగా చూస్తూ అతను చేసిన మొదటి పని, దాని పక్కకెళ్ళి కాలితో ఒక తాపు తన్నడం. పాత లారీ కొనేముందు టైరుని అలాగే తంతారు. లాంచీకి టైర్లుండవన్న సంగతి కాలికి తెలియదు కదా.

"తన్నకండి బాబుగారూ. అది ఆడకూతురు," అన్నాడు కాపలా పోతురాజు.

గణపతిరావు సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆడకూతురి పేరు ముందు భాగాన నీలం అక్షరాల్లో రాసి ఉంది: చూడామణి. టెక్కలిలో ఉండే ఉప్పు వర్తకులు జానకిరామయ్యగారు తమ భార్య పేరు పెట్టుకున్నారు. అంతకు ముందు విశాఖపట్నంలో ఒక దొర షికారుకి చేయించుకున్న లాంచీ అది. దొర వెళ్ళిపోతూ అమ్మేస్తే, ఓడల దాకా వెళ్ళి ఉప్పు ఎగుమతి చూసుకోడానికి ఈయన కొన్నారు. ఇప్పుడాయనకి ఎనభై దాటింది, సముద్రం పేరు చెబితే కళ్ళు తిరుగుతున్నాయి. "వెళ్ళి చూసుకో నాయనా. నచ్చితే మాట్లాడుకుందాం, నచ్చకపోతే మజ్జిగ తాగి వెళ్దువుగాని" అని పంపించారు.

ఏటిలో ఉండే లాంచీని చూపించడానికని నెల కిందట ఇసక మీదికి లాగించి దుంగల మీద నిలబెట్టారు. ముప్ఫై అడుగుల పొడుగు. తెల్లరంగు మీద నీలం గీత. నడుమ ఒక గది, గదికి అటు నాలుగు ఇటు నాలుగు అద్దాల కిటికీలు, లోపల ఎదురెదురుగా బల్లలు, తలుపుకి ఇత్తడి గడియ. ఆ గడియలో గణపతిరావుకి తన మీసం కనిపించింది. వయసు మళ్ళిన బండిని ఇంత శుభ్రంగా అతను ఎక్కడా చూడలేదు. చూడగానే మనసు పారేసుకున్నాడని చెప్పేస్తే సరిపోతుంది, దాచడం ఎందుకు.

లారీ మనిషికి లాంచీతో ఏం పని అని సాలూరులో చాలామందే అడిగారు. వాళ్ళకి చెప్పిన జవాబు వేరు, ఇంట్లో భార్య నీలవేణికి తెలిసిన సంగతి వేరు. ఊరికి చెప్పిందేమిటంటే, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అత్తారి ఊళ్ళో రేవు నడుపుతాను, నాటుపడవలో ప్రాణాలు అరచేత పెట్టుకుని దాటే జనాన్ని గదిలో కూర్చోబెట్టి దర్జాగా దాటిస్తాను అని. అదీ అబద్ధం కాదు. కానీ రెండేళ్ళుగా సంజె పడితే గణపతిరావుకి చూపు ఆనడం లేదు. విజయనగరంలో కంటి డాక్టరు చూసి, పగలు నీకు ఢోకా లేదు, పొద్దు వాలాక మాత్రం బండి ముట్టుకోకు, ఇది తగ్గేది కాదు అన్నాడు. పొద్దు వాలకుండా ఘాటీ దిగిన లారీ ఏది గనక. మొన్న కార్తీకంలో ముందు చక్రం రోడ్డంచు రాళ్ళు రెంటిని లోయలోకి దొర్లించింది. అవి కింద పడిన చప్పుడు వినపడ్డానికి పట్టిన సేపు అతను మరిచిపోలేకపోతున్నాడు.

రేవు పని పొద్దున్న మొదలై పొద్దుండగా ముగుస్తుంది. ఏటిలో లోయల్లేవు. లారీ కొంటానన్న నరసింగరావు బుధవారం దాకా ఆగుతానన్నాడు. లాంచీ కుదిరితే లారీ అతనికి ఇచ్చెయ్యడం, కుదరకపోతే బుధవారం సాయంత్రం జయపురం లోడుతో మళ్ళీ ఘాటీ ఎక్కడం. రెండే దారులు.

అందుకని గణపతిరావు చొక్కా చేతులు మడిచి ఇంజను మీద పడ్డాడు. పోతురాజు మూత తీశాడు. గణపతిరావు పుల్ల ముంచి ఆయిలు చూశాడు, వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు. బెల్టు లాగాడు. పోతురాజు ఇంజనుని చల్లార్చే నీళ్ళ గొట్టాన్ని బిందెలో పెట్టి హేండిలు తిప్పితే, రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. ఆ మోత విని గణపతిరావు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడా తడబాటు లేదు, పొగ పలచన. వారం వారం తిప్పుతూ, గ్రీజు పెడుతూ, గుడ్డతో తుడుస్తూ సాకిన ఇంజను అది.

"ఎవుల్నేర్పినారు నీకిదంతా?" అని అడిగాడు.

"లాంచీ తోలీ సరంగు బాబు ఎల్లిపోతా సూపించినాడండి. నాను పాలకొండ పక్కోణ్ణి. ఎద్దుల కాడ పెరిగినాను. బాబుగారు తీసుకొచ్చి దీని కాడ ఒగ్గీసినారు. ఏడేళ్ళయింది."

ఇంజను బాగుంటే బండి బాగున్నట్టే. లారీ వాళ్ళ వేదం అది. బాడీదేముంది, కర్రా రేకూ, ఏ షెడ్డులోనైనా కడతారు. ఆ లెక్కన గణపతిరావు అప్పుడే టెక్కలి వెళ్ళి తాంబూలం పుచ్చుకునేవాడే. కానీ బయల్దేరేముందు నీలవేణి ఒక మాట అంది. ఆమె పుట్టింది వంశధార ఒడ్డున. "ఇంజను నువ్వు సూస్తావు. కర్రెవులు సూస్తారు? మా పక్క పడవ కొంటే భావనపాడు జోగయ్యకి సూపించకుండా కొనరు. ఆయన కొట్టి సూసి సరేనన్న పడవ మునిగినట్టు నానెప్పుడూ ఇన్లేదు," అంది. పెళ్ళాం మాట కాదని ఘాటీలో బండి ఆపిన రోజు ఏం జరిగిందో గణపతిరావుకి అనుభవమే. జోగయ్య ఇల్లు ఎక్కడా అని అడుగుతూ చేపలు పట్టేవాళ్ళ పేటలోకి వెళ్ళాడు.

జోగయ్య ఇంటి ముందు ఒక ముసలామె చాప మీద ఉప్పుచేపలు తిరగేస్తోంది. అరవై అయిదేళ్ళుంటాయి. వేళ్ళు లావుగా, చివరలు మొద్దుబారి ఉన్నాయి.

"జోగయ్య ఉన్నాడా అమ్మా?"

"రెండేళ్ళయింది బాబూ పోయి. ఏటి పని?"

గణపతిరావు లాంచీ సంగతి చెప్పి, ఇంకెవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పమన్నాడు. ఆమె చేపలు తిరగెయ్యడం ఆపకుండానే అంది:

"ఆయన కుట్టీవోడు. తప్పట్టీదాన్ని నాను."

ఆ పక్క పాత పడవల పలకలకి మేకులుండవు. పలకకి పలక చేర్చి, సందులో గడ్డి దట్టించి, కొబ్బరిపీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుడతారు. అలలు ఎత్తి కొట్టినా అలాంటి పడవ ఒంగుతుంది తప్ప విరగదు. మగవాడు బయట కూర్చుని తాడు లాగితే, ఆడది పీచు పేని, గడ్డి దట్టించి, ఆఖరున చుట్టూ తిరుగుతూ కొట్టి చూసి, ఎక్కడ కారుతుందో చెప్పాలి. జోగయ్య భార్యగా నలభై ఏళ్ళు ఈ దాలమ్మ చేసిన పని అది. పేరు జోగయ్యది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదేం లేదు. వంట తనదీ వడ్డన ఆయనదీ అన్నట్టు చెప్పింది.

గణపతిరావుకి నమ్మకం కుదిరిందనలేం. కానీ ఆమె చేతులు చూశాడు. పని తెలిసిన చేతుల్ని అతను పోల్చుకోగలడు. దాలమ్మ చేపల మీద వల కప్పి, పక్కింటి జగ్గమ్మకి కాకుల కాపలా అప్పగించి వెనకే వచ్చింది.

లాంచీ దగ్గరికి రాగానే పోతురాజు చేతికర్ర అడ్డం పెట్టాడు. అక్కని ఆ పక్క అప్ప అంటారు.

"అప్పా, ఆడది పడవెక్కకూడదు. నీకు నాను సెప్పాలేటి."

"నానెక్కుతానన్నానేటి? ఒక్కనాడూ ఎక్కనిదాన్ని ఇప్పుడెక్కుతానేటి. ఆ కర్ర దించు."

ఏరు దాటించే పడవ మీద ఆడవాళ్ళూ ఎక్కుతారు, మేకలూ ఎక్కుతాయి. సముద్రం మీదికి వెళ్ళే పడవ సంగతి వేరు. పేటలో ఆడది దాని మీద కాలు పెట్టదు. కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచి అంతే. దాలమ్మ తన చేతుల్తో గడ్డి దట్టించిన పడవలు ఆ తీరంలో ఎన్ని తిరిగాయో ఆమెకే తెలియదు. వాటిలో ఒక్కదాని లోపలా ఆమె నిలబడలేదు. పేట వాళ్ళు ఆ నియమాన్ని మామూలుగా పాటిస్తారు. పోతురాజు మాత్రం పాలకొండ నుంచి వచ్చినవాడు, కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు పేటవాళ్ళ కంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. ఆడవాళ్ళ నీడ లాంచీ మీద పడితే కూడా జరగమంటాడు.

దాలమ్మ కొంగు ముడి విప్పి నున్నటి నల్లరాయి ఒకటి తీసింది. లాంచీ వెనక భాగం నుంచి మొదలుపెట్టి, జానెడుకి ఒకచోట కొడుతూ, చెవి ఆనించి వింటూ కదిలింది. టక్. టక్. టక్. ఒక్కోచోట ఆగి అరచెయ్యి ఆనించేది. ఒక్కోచోట ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసేది. గణపతిరావు పక్కనే చప్పుడు కాకుండా నడిచాడు. ఇంజను ముందు తను నిలబడే తీరు కూడా ఇదే. అతనికి ఈ ముసలామె మీద గౌరవం అక్కడే మొదలైంది.

"ఇంజను మాత్రం బంగారం అమ్మా," అన్నాడు, తన వంతు కూడా ఉండాలని.

"ఉండొచ్చు. ఇంజను సచ్చిపోతే తెడ్డేసుకోని ఒడ్డుకొస్తావు. కర్ర సచ్చిపోతే ఏటేస్తావు?"

లారీ వాళ్ళ వేదంలో ఈ శ్లోకం లేదు.

నడుం దాటాక చప్పుడు మారింది. టక్ అన్నది టప్ అంది. దాలమ్మ అక్కడ మూడుసార్లు కొట్టింది. పడవ ఎంతదాకా మునుగుతుందో చెప్పే నీటి గీతకి పైన ఒక చోట, ఇంకొంచెం ముందుకి ఇంకో చోట. గీతకి కిందంతా మళ్ళీ టక్‌మంటూనే ఉంది. ఆమె నొసలు ముడిపడింది.

"బాబూ, లోపలికెళ్ళు. నేల పలక ఎత్తితే అడుగున నీళ్ళుంటాయి. ఒక సెంబు తే."

గణపతిరావు భారీ మనిషి. పంచె గోచీ పెట్టి, గది కింద సందులోకి దూరి, మోచేతులు గీసుకుని, పాత గుడ్డలాంటి వాసన మధ్య చెంబు ముంచి బయటికొచ్చేసరికి మీసానికి బూజు పట్టింది. సాలూరు లారీ ఓనర్లు ఎవరైనా ఆ అవతారం చూసుంటే ఏడాది పాటు చెప్పుకునేవాళ్ళు. దాలమ్మ ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుకకి రాసుకుని ఉమ్మేసింది. చెంబు అతనికిచ్చింది.

"నువ్వూ సూడు."

చూశాడు. కంపు కొడుతున్నా ఉప్పదనం లేదు. గణపతిరావు ముఖం వెలిగింది.

"మంచినీళ్ళేనమ్మా. అంటే సముద్రం సుక్క గూడా లోపలికి రాలేదన్నమాట."

"సుక్క రానీలేదండి," అన్నాడు పోతురాజు. ఆ మాట అనడానికే ఏడేళ్ళుగా కాచుకున్నట్టు అన్నాడు.

దాలమ్మ చెంబు కిందపెట్టింది. "ఉప్పునీళ్ళయితే బాగుణ్ణు," అంది మెల్లిగా. తర్వాత పోతురాజు వైపు తిరిగింది. "దీనికి రోజూ తానం పోస్తావేటి తమ్ముడా?"

"పోయకేటి. పన్నెండు బిందెలు. మొగలిడొంక అవతల నుయ్యుంది సూడు, అక్కణ్ణించి మోసుకొస్తాను. ఏటిలో ఉన్నప్పుడు తెప్ప మీద ఎల్లి పోసీవోణ్ణి. ఉప్పు ఒంటి మీద ఎండితే ఏటుంటాది? ఎద్దునైనా కడగమా. తుపానొచ్చిన రోజు గూడా మానలేదు. శుక్రవారం పసుపునీళ్ళు."

గణపతిరావు పోతురాజు వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఏడేళ్ళు, రోజుకి పన్నెండు బిందెలు, ఇసకలో అంత దూరం. తను కూడా ఘాటీ దిగి ఎంత అలసిపోయినా వేగావతి ఏటిలో లారీని కడగకుండా అన్నం ముట్టడు. జీతం కోసం ఎవడూ ఆ పని అలా చెయ్యడు. ఇలాంటి మనిషి దగ్గర ఉన్న బండి ఎక్కడైనా చెడుతుందా అనుకున్నాడు. గట్టిగా అనేశాడు కూడా.

దాలమ్మ రాయి కొంగులో ముడేసుకుంది, మళ్ళీ విప్పింది.

"పోతురాజూ, ఉప్పేసిన సేప ఏడాదుంటాది. ఉప్పెయ్యంది?"

"రేపటికి కంపు."

"కర్రా అంతే."

ఆమె దించిన గొంతుతోనే చెప్పింది. సముద్రపు నీళ్ళు తగిలిన కర్ర వందేళ్ళు గట్టిగా ఉంటుంది. పైనుంచి పోసిన మంచినీళ్ళు పలకల సందుల్లోంచి లోపలికి దిగి, గాలి తగలని చోట నిలిచి, కర్రని పుచ్చబెడతాయి. అందుకే నీటి గీత కిందంతా ఉక్కు. పైన, స్నానం పోసినచోటల్లా మెత్తన. పేటలో పడవ కడిగితే సముద్రపు నీళ్ళతోనే కడుగుతారు.

"మరి ఏడేళ్ళుగా ఎవులూ సెప్పలేదేటి?" అన్నాడు గణపతిరావు. కోపం ఎవరి మీదో అతనికే తెలియలేదు.

"ఎవుల్ని దగ్గిరికి రానిచ్చినాడు బాబూ? ముట్టుకుంటే మాసిపోతాదని కర్రట్టుకోని తరిమీవోడు. నానే రెండుపాలి వచ్చి తిరిగెళ్ళిపోయినాను. బిందెలు మోసీది సూసినాను, దీనికి పోస్తన్నాడనుకోలేదు. తాగడానికనుకున్నాను."

పోతురాజు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత లాంచీ పక్కన ఇసకలో చతికిలబడ్డాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని గణపతిరావుకి అనిపించింది. ఈ మనిషి చేసిన తప్పు తను కూడా చేసేవాడే. కొన్న మర్నాడే, మురిసిపోతూ, అత్తారి ఊరి నూతి మంచినీళ్ళతో దీని ఒళ్ళంతా కడిగి ఉండేవాడు.

గణపతిరావు దాలమ్మ వైపు తిరిగాడు. "అయితే పోయిందంటావా అమ్మా? సెప్పీ. నాకు బుధవారం దాకానే టైముంది." ఎందుకో ఆమెకి కళ్ళ సంగతి కూడా చెప్పేశాడు. సాలూరులో ఎవరికీ చెప్పని మాట, అరపూట పరిచయమున్న మనిషికి.

దాలమ్మ శ్రద్ధగా విన్నది. "పలకలు మార్సొచ్చు. పక్కటెముకలు మార్సొచ్చు. ముందుపక్క అడుగుదూలం, నిలువు కొమ్ము కలిసే కీలుంది సూడు, అది పుచ్చితే మాత్తరం మరి లేదు. ఆ నీళ్ళన్నీ చేరింది అక్కడికే. బయట రాగిరేకు కప్పీసినారు, రేకు మీద కొడితే తెలీదు. లోపల్నుంచి కొట్టాల."

రాయి గణపతిరావుకిచ్చింది. అతను మళ్ళీ దూరి, ముందు దాకా పాకి, కొట్టాడు. బయట రేకుకి చెవి ఆనించి ఆమె వింది. "నువ్వు కొడితే లారీ మోతే వస్తన్నాది బాబూ. మెల్లిగా." మెల్లిగా కొట్టాడు. అతనికి అన్నీ ఒకేలా వినిపించాయి. గోటితో గీకి చూడమంది, గీకాడు, గట్టిగానే ఉన్నట్టుంది, మెత్తగానే ఉన్నట్టుంది. ఇరవై రెండేళ్ళ పనితనం ఆ చీకటి సందులో అతనికి ఒక్క పైసా సాయం చెయ్యలేదు. చెమటతో బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

"నా వల్ల కాదమ్మా. తెలీనిది తెలిసినట్టు సెప్పలేను."

ఆ మాటకి పోతురాజు లేచాడు. ఏం చేస్తున్నాడో ఇద్దరికీ అర్థం కాలేదు. పక్కనున్న పొడుగాటి బల్లచెక్క తెచ్చి లాంచీకి ఏటవాలుగా ఆనించాడు. కదలకుండా కాలితో తొక్కి పట్టుకున్నాడు. చెయ్యి చాచాడు.

"ఎక్కప్పా."

దాలమ్మ కదల్లేదు. "ఏటంటన్నావో నీకు తెలుసేటిరా?"

"తెలుసు. నాను సేసిందానికన్నా నువ్వెక్కితే దానికొచ్చీ దోసం ఎక్కువేటి?"

ఆమె గణపతిరావు వైపు చూసింది. "ఇది మరి సముద్రం మీదికెళ్ళదమ్మా. నేను కొంటే రేవు పడవే. ఆడోళ్ళెక్కకపోతే నా రేవేటి నడుస్తాది," అన్నాడు. నచ్చజెప్పడానికి అన్నా అది నిజమే.

దాలమ్మ అలల దాకా నడిచి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. తిరిగొచ్చి లాంచీని రెండు చేతుల్తో తాకి కళ్ళకద్దుకుంది. పోతురాజు చెయ్యి పట్టుకుని చెక్క మీద మూడడుగులు వేసి లోపల కాలు పెట్టింది. పైన ఒక క్షణం ఆగి, కింద తన పాదాల వైపు చూసుకుని, గదిలోకి వంగి మాయమైంది.

కింద ఇద్దరు మగవాళ్ళూ రేకు పక్కన నిలబడ్డారు. రాయి చప్పుడు లోపల్నుంచి వినిపించింది. టక్. టక్. కొంచెం ముందుకి. టప్. పోతురాజు కళ్ళు మూసుకున్నాడు. టక్. టక్. గీకిన చప్పుడు. మళ్ళీ టక్. తర్వాత ఏమీ లేదు.

చాలాసేపు ఏమీ లేదు. చెడ్డమాట చెప్పడానికే మనిషి అంత ఆలస్యం చేస్తాడని గణపతిరావుకి తెలుసు. విజయనగరం డాక్టరు కూడా అంతే, పరీక్ష అయిపోయాక చేతులు తుడుచుకుంటూ ఎంతసేపో నిలబడ్డాడు. బుధవారం సాయంత్రం ఘాటీ మొదటి మలుపు, అక్కడ పడే సంజె, ఆ లేని రెండు రాళ్ళ చోటూ కళ్ళ ముందుకొచ్చాయి. ఉండబట్టలేక చెక్కెక్కి గది తలుపులోంచి తొంగి చూశాడు.

దాలమ్మ పనిలో లేదు. కిటికీ పక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నల్లరాయి, దాని మీద రెండు చేతులూ. అద్దంలోంచి సముద్రం చూస్తోంది.

"పోయిందా అమ్మా?"

"పోలేదు బాబూ. కీలు ఇనపముక్కలాగున్నాది. దొర బర్మా టేకేసినాడు, అందుకే నిలబడింది. ముందు నాలుగు పలకలు, రెండు ఎముకలు మార్పించు. అప్పలసూరని మా పేటలోనే వడ్రంగున్నాడు. నాను కూకోని సేయిస్తాను. ఆ తరవాత ఇది నీకన్నా నాకన్నా ఎక్కువ బతుకుతాది."

గణపతిరావు తలుపు పట్టుకున్నాడు. బుధవారం ఘాటీ లేదు. ఆ రాళ్ళ చోటు తను మళ్ళీ దాటక్కర్లేదు. దాలమ్మ లేవలేదు. అతను ఆశ్చర్యంగా అడిగాడు.

"మరి దిగవేటమ్మా? ఇంకా ఏదైనా సూడాలా?"

"సూడ్డానికేటీ లేదు. దిగుతాన్లే." ఆమె అతని వైపు తిరగలేదు. "నలభయ్యేళ్ళు వాటికి గడ్డెట్టినాను బాబూ. బయటే. ఆయన అలల మీదికెళ్తంటే ఒడ్డున నిలబడి సూసీదాన్ని. అక్కణ్ణించి ఆయనకి ఏటి కనిపించీదో అని. అది సూత్తన్నాను."

గణపతిరావు తలుపు చప్పుడు కాకుండా చేరేసి కిందికి దిగాడు. వైద్యులకీ గురువులకీ దణ్ణం పెట్టడం అతనికి అలవాటే. మూసిన తలుపుకి పెట్టడం మాత్రం అదే మొదలు.

కింద పోతురాజు గడ్డకట్టినట్టు నిలబడి ఉన్నాడు. "బతికే ఉన్నాదిరా," అన్నాడు గణపతిరావు. "నాలుగు పలకలే. నువ్వు గూడా దీంతోపాటే మా రేవుకొచ్చేస్తావు. ఆ ఇంజను నువ్వు ముట్టుకుంటేనే పలుకుతాది."

పోతురాజు తల ఊపాడు. లాంచీ కిందున్న బిందెలు రెండూ తీసుకుని, అలవాటు ప్రకారం మొగలిడొంక వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి సముద్రం వైపు నడిచాడు. గణపతిరావు పంచె ఎగ్గట్టి వెనకే వెళ్ళి, ఒక బిందె అతని చేతిలోంచి తీసుకున్నాడు. ఇద్దరూ మోకాళ్ళ లోతులో నిలబడి బిందెలు ముంచారు.

నీళ్ళు మోసుకొచ్చాక పోతురాజు బిందె ఎత్తబోతే గణపతిరావు చెయ్యడ్డం పెట్టాడు.

"ఇప్పుడొద్దు. ఆవిడ లోపలున్నాది. దిగినాక తానం పోద్దాం."

బిందెలు పక్కన పెట్టుకుని ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. కిటికీ అద్దంలో దాలమ్మ తెల్లజుట్టు కనిపిస్తోంది. తొందరేం లేదు. బుధవారానికి ఇంకా రెండు రోజులుంది.